మన ఇంటి బడి: జీతం లెక్క



కిందటి మాసం ఒక సహోదరి నాకు ఉత్తరం వ్రాశారు. తొమ్మిదో తరగతి చదువుతున్న వారి అమ్మాయి సోషల్ పుస్తకంలో అమెరికా బానిసత్వం గురించి చదివి, “అమ్మా, బైబిలులో కూడా దాసులు, యజమానులు అని ఉంది గదా, మరి ఇది తప్పని అప్పట్లో ఎవరూ చెప్పలేదా?” అని అడిగిందట. తల్లికి ఏమి చెప్పాలో తోచక “పాస్టరు గారిని అడుగమ్మా” అన్నారు. పాస్టరు గారు “మీ టీచరు గారిని అడుగు తల్లీ” అన్నారు. టీచరు గారు “అది పరీక్షకు రాదు” అన్నారట. అలా చేతులు మారి మారి ఆ ప్రశ్న ఈ పేజీకి చేరింది.

మొదట నవ్వుకున్నాను. తరువాత నవ్వలేకపోయాను. ఎందుకంటే ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని నేను. “లింకన్ బానిసలను విడిపించెను. 1865లో 13వ సవరణ ద్వారా బానిసత్వము రద్దయ్యెను” అని బోర్డు మీద వ్రాసి, రెండు మార్కుల ప్రశ్న అని చెప్పి, గంట కొట్టకముందే ముగించేదాన్ని. లింకన్ గారి గడ్డం కూడా పిల్లలకు గుర్తుండేది. ఒక్క బానిస పేరైనా నా నోటి వెంట రాలేదు. అంతమంది మనుషుల కథ చెబుతూ వారిలో ఒక్కరి పేరు చెప్పకుండా ముప్పై ఏళ్ళు పాఠం చెప్పవచ్చునని నాకే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

అందుచేత ఈ వేసవిలో మా చర్చి వరండాలో ఏడు నుండి పదో తరగతి వరకు పధ్నాలుగు మంది పిల్లలను కూర్చోబెట్టుకొని, శనివారం సాయంత్రాలు ఈ పాఠాన్ని మళ్ళీ చెప్పాను. ఈసారి నేను చెప్పడం తగ్గించి కాగితాలు చదివించాను. మా తమ్ముడి కుమారుడు కంప్యూటరులోనుండి అచ్చు తీసి పంపినవాటిని తెలుగులో నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. ఏది కుదిరిందో, ఏది బెడిసిందో ఇక్కడ చెబుతాను.

అసలు మూలపత్రం అంటే ఏమిటో పల్లె పిల్లలకు చెప్పడం చాలా తేలిక. “మీ తాత పొలం రెండెకరాలని ఊరంతా అంటారు, పాసుపుస్తకంలో ఎకరం డెబ్బై సెంట్లని ఉంది. ఏది నమ్ముతారు?” అన్నాను. అందరూ పాసుపుస్తకమే అన్నారు. ఒకడు మాత్రం, “సర్వేయరు ఎవరింట్లో భోజనం చేసి కొలిచాడో చూడాలి టీచర్” అన్నాడు. నేను చెప్పవలసిన పాఠం సగం వాడే చెప్పేశాడు. ప్రాంసరీ నోటు, బాప్తిస్మపు రిజిస్టరు, ఆనాటి ఉత్తరం, ఇవన్నీ సంగతి జరిగిన కాలంలోనే, అందులో ఉన్నవారి చేతుల మీదుగా వచ్చిన కాగితాలు. అయితే ప్రతి కాగితాన్నీ ఎవరు వ్రాశారు, ఎందుకు వ్రాశారు, ఎవరికి చూపడానికి వ్రాశారు అని అడిగి తీరాలి.

మొదటి శనివారం ఒక ఉత్తరం చదివాను. 1865 ఆగస్టు 7వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణం నుండి జోర్డన్ ఆండర్సన్ అనే ఆయన, టెనెస్సీలో ఉన్న తన పాత యజమాని కల్నల్ పి. హెచ్. ఆండర్సన్‌కు పంపిన ఉత్తరం అది. ఇద్దరి ఇంటిపేరు ఒకటేమిటి, బంధువులా అని పిల్లలు అడిగారు. చాలామంది బానిసలకు యజమాని ఇంటిపేరే ఇంటిపేరని చెప్పాను. యుద్ధం ముగిసింది, బానిసలు విడుదలయ్యారు. పొలం పనికి మనుషులు లేక ఆ కల్నల్, తిరిగి రమ్మని, బాగా చూసుకుంటానని జోర్డన్‌కు కబురు వ్రాశాడు. దానికి జవాబు ఇది.

ఎంత మర్యాదగా ఉంటుందో ఆ ఉత్తరం! నన్ను మరచిపోనందుకు సంతోషం అంటాడు. నేను వెళ్ళిపోకముందు మీరు నా మీద రెండుసార్లు తుపాకీ పేల్చినా మీకు కీడు జరగాలని నేను కోరలేదంటాడు. ఇక్కడ తనకు నెలకు 25 డాలర్లు, తిండి, బట్టలు దొరుకుతున్నాయని, భార్య మాండీని జనం మిసెస్ ఆండర్సన్ అని పిలుస్తున్నారని, పిల్లలు మిల్లీ, జేన్, గ్రండీ బడికి వెళుతున్నారని, ఆదివారపు బడికి కూడా వెళుతున్నారని వ్రాస్తాడు. గ్రండీకి బోధకుడయ్యే తెలివి ఉందని వాడి టీచరు అన్నాడట. ఆదివారపు బడి అనగానే మా పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. అంతవరకు బానిస అంటే పుస్తకంలోని బొమ్మ. ఇప్పుడు వాళ్ళ తరగతిలో కూర్చునే పిల్లవాడి తండ్రి అయ్యాడు.

తరువాత అసలు సంగతి వస్తుంది. మీ మాట నిజమో కాదో తెలుసుకోవాలి గనుక ముందు మా పాత జీతం పంపండి అంటాడు. తాను 32 ఏళ్ళు, మాండీ 20 ఏళ్ళు చాకిరీ చేశారు. తనకు నెలకు 25 డాలర్లు, మాండీకి వారానికి 2 డాలర్ల చొప్పున లెక్క కట్టమంటాడు. అక్కడ చదవడం ఆపి, పలకలు, నోటుపుస్తకాలు తీయమన్నాను.

వరండాలో కాసేపు సుద్దముక్కల చప్పుడే. ఇరవై అయిదు ఇంటు పన్నెండు ఇంటు ముప్పై రెండు, 9,600. రెండు ఇంటు యాభై రెండు ఇంటు ఇరవై, 2,080. మొత్తం 11,680 డాలర్లు. ఉత్తరంలో జోర్డన్ వ్రాసిన అంకె సరిగ్గా అదే. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, “మరి వడ్డీ టీచర్?” అంది. అప్పుల సంగతి తెలిసిన ఇంటి పిల్ల అది. తరువాతి వాక్యం చదివాను. జోర్డన్ వడ్డీ కూడా కలపమన్నాడు! అంతేకాదు, తమకు ఇచ్చిన బట్టల ఖరీదు, తనకోసం మూడుసార్లు వైద్యుడు వచ్చిన ఖర్చు, మాండీకి పన్ను పీకించిన ఖర్చు అందులోనుండి తీసివేయమన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక ఒకడు నెమ్మదిగా, “ముప్పై రెండేళ్ళలో మూడుసార్లేనా డాక్టరు వచ్చింది?” అన్నాడు. నేను చెప్పి ఉంటే ఆ మాట వాళ్ళకు తగిలేది కాదు.

కూలివారి జీతం ఎగ్గొట్టినవారు ఒకనాడు లెక్క చెప్పుకోవలసి వస్తుందన్న అర్థం వచ్చే మాట కూడా ఆ ఉత్తరంలో ఉంది. అది వినగానే ఇద్దరు ముగ్గురు బైబిలు తీసి యాకోబు పత్రిక అయిదో అధ్యాయం నాలుగో వచనం చూపించారు. ఆ వచనం వాళ్ళకు కంఠస్థమే. దాన్ని ఒక మనిషి తన యజమాని ముందు లెక్క పుస్తకంలా తెరిచి పెట్టవచ్చునని మాత్రం అంతవరకు తెలియదు.

తల్లులకు ఒక మాట. ఆ ఉత్తరంలో తన ఎదిగిన కూతుళ్ళ గురించి జోర్డన్ వ్రాసిన భాగం ఉంది. పాత ఇంటిలో మరి ఇద్దరు ఆడపిల్లలకు యజమాని కుమారుల వలన ఏమి జరిగిందో పేర్లతో గుర్తుచేసి, తన బిడ్డలకు ఆ గతి పట్టడం కంటే ఇక్కడే ఆకలితో చనిపోవడం మేలంటాడు. దాన్ని చిన్నవాళ్ళ ముందు చదవలేదు. పదో తరగతి ఆడపిల్లలకు విడిగా చదివాను. వారికి నేను ఏమీ వివరించవలసిన పని పడలేదు.

చివరకు, మీ చేతిలోని పిస్తోలు లాక్కున్నందుకు జార్జి కార్టరుకు నా వందనాలు చెప్పండి అంటూ ముగిస్తాడు. జోర్డన్ తిరిగి వెళ్ళలేదు. డేటన్‌లోనే ఉండిపోయాడు.

“ఇది నిజంగా ఆయనే వ్రాశాడా?” అని సర్వేయరు సంగతి చెప్పిన పిల్లవాడే అడిగాడు. మంచి ప్రశ్న. జోర్డన్ చెబుతుంటే మరొకరు వ్రాసిన ఉత్తరం అది. ఆ నెలలోనే సిన్సినాటి పత్రికలో, తరువాత న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో అచ్చయింది. జీతం డబ్బు ఎవరి ద్వారా పంపాలో పేరు కూడా అందులో ఉంది. డేటన్ జనాభా లెక్కల్లో ఆయన కుటుంబం కనబడుతుంది. వ్రాసిన చెయ్యి వేరైనా ఆ ముప్పై రెండేళ్ళు, ఆ పన్ను పీకించిన ఖర్చు ఎవరివో తెలుస్తూనే ఉన్నది. మన ఊళ్ళో ఎంతమంది పెద్దలు పక్కింటి పిల్లవాడిచేత ఉత్తరం వ్రాయించుకోలేదు?

రెండో శనివారం బ్రూక్స్ అనే ఓడ బొమ్మ చూపించాను. 1788లో ఇంగ్లండులో బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించినవారు దానిని అచ్చు వేశారు. పార్లమెంటు కోసం ఒక నౌకాదళ అధికారి తీసిన కొలతలు దానికి ఆధారం. ఒక్కొక్క మగమనిషికి ఆరు అడుగుల పొడవు, అడుగు నాలుగు అంగుళాల వెడల్పు. గచ్చు మీద సుద్దతో ఆ గీత గీసి, పదో తరగతి అబ్బాయిని పడుకోమన్నాను. వెల్లకిలా పడుకుంటే భుజాలు గీత దాటాయి. వాడి ఇంట్లో నులకమంచం వెడల్పు ఎంతో కొలిచి రమ్మన్నాను, అంతే. ఆ సంవత్సరం చేసిన చట్టం ప్రకారం ఆ ఓడలో 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు ఒక ప్రయాణంలో 609 మందిని ఎక్కించారు. అలా నాలుగు వందల ఏళ్ళలో ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన వారు సుమారు 1 కోటి 25 లక్షల మంది అని, ప్రాణాలతో దిగినవారు 1 కోటి 7 లక్షల మంది అని ఓడల రికార్డులు కలిపి చూసిన చరిత్రకారులు లెక్క కట్టారు. మిగిలినవారు ఎక్కడ అని మా పిల్లలు అడగలేదు. తీసివేత వాళ్ళకు వచ్చు.

ఇక్కడ ఉపాధ్యాయులకు గట్టిగా చెప్పదలచినది ఒకటుంది. ఆసక్తిగా ఉంటుందని పిల్లలచేత బానిసల వేలం నాటిక వేయించకండి. ఒకడిని యజమానిగా, ఒకడిని బానిసగా నిలబెట్టకండి. క్రిస్మసుకు హేరోదు వేషం వేసినట్టు కాదు ఇది. మన సంఘాల్లో చాలా కుటుంబాల తాతలు ఎవరి వాకిట్లో ఎలా నిలబడ్డారో మీకు తెలుసు, ఆ పిల్లలకూ తెలుసు. నేను గీతలో ఒక్కణ్ణి పడుకోబెట్టినందుకే ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. మరొకసారి అయితే కొలిచి ఊరుకుంటాను, ఎవరినీ పడుకోమనను.

మూడో వారం ఒకే మనిషి వ్రాసిన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాను. ఆయన జాన్ న్యూటన్. ఆయన పేరు తెలియకపోయినా, దేవుని కృపను గూర్చి ఆయన వ్రాసిన కీర్తన లోకమంతా పాడుతుంది. 1748లో సముద్రంలో తుపాను పట్టినప్పుడు ఆయన మనసు దేవుని వైపు తిరిగిందని మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. ప్రసంగాల్లో వినని సంగతి, ఆ తరువాతే ఆయన బానిసల ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1750 నుండి 1754 వరకు ఆయన వ్రాసిన ఓడ దినచర్య పుస్తకం నిలిచి ఉంది. గాలి ఎటు వీచింది, ఎంత సరుకు ఇచ్చి ఎంతమందిని కొన్నారు, ఎవరు చనిపోతే సముద్రంలో వేశారు, అన్నీ ఉన్నాయి. చనిపోయిన వారికి పేర్లు లేవు, నంబర్లు ఉన్నాయి. అదే ఓడ మీదనుండి భార్యకు భక్తితో నిండిన ఉత్తరాలు వ్రాశాడు. 1764లో బోధకుడుగా అభిషేకం పొందాడు. 1788లో, ఓడ పని విడిచిన 34 ఏళ్ళకు, ఆఫ్రికా బానిస వ్యాపారం మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి తాను చేసినది ఒప్పుకున్నాడు, ఒప్పుకోవడం ఇంత ఆలస్యమైందని కూడా ఒప్పుకున్నాడు. పార్లమెంటు విచారణలో సాక్ష్యం చెప్పాడు.

ఒక అమ్మాయి, “ప్రార్థన చేసుకుంటూనే నంబర్లు వేశాడా?” అంది. అవునన్నాను. ఇంకేమీ చెప్పలేదు.

దాని తరువాత 1807లో లండనులో అచ్చయిన ఒక బైబిలు సంగతి చెప్పాను. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలని దాని మొదటి పేజీలోనే ఉంటుంది. ఒక మిషనరీ సంఘం కోసం వేసినది. మన బైబిలులో 1,189 అధ్యాయాలుంటే అందులో 232 అధ్యాయాల నుండి మాత్రమే భాగాలున్నాయి. దాని ప్రతి ఒకటి అమెరికాలో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో ఉంది. యోసేపును అమ్మివేసిన కథ ఉంచారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి విడుదలై బయలుదేరిన కథ తీసేశారు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో దాసులు లోబడాలన్న వచనం ఉంచారు. గలతీయులకు వ్రాసిన పత్రిక మూడో అధ్యాయం ఇరవై ఎనిమిదో వచనం తీసేశారు. పిల్లలను తమ బైబిళ్ళలో ఆ రెండు చోట్లా వేలు పెట్టి ఉంచమన్నాను. ఏది ఉంచారో చూస్తే ఉంచినవారి మనసు తెలుస్తుంది, ఏది తీశారో చూస్తే వారి భయం తెలుస్తుంది. ఒకడు తన బైబిలు పేజీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మనకు కూడా ఏమైనా తీసేశారేమోనని.

ఈ సంగతి ఊళ్ళోకి పాకి, మా సంఘ పెద్ద ఒకరు ఇంటికి వచ్చారు. మంచివారు, నాకంటె ప్రార్థనాపరులు. “అమ్మా, ఇవన్నీ పిల్లలకు ఎందుకు? సంఘమే బానిసలకు కోత కోసిన బైబిలు ఇచ్చిందని వింటే వాళ్ళ విశ్వాసం ఏమవుతుంది? బయటివారు మనల్ని అనడానికి మనమే మాటలు అందిస్తున్నామా?” అన్నారు. ఆయన భయం నాకు అర్థం కానిది కాదు. నాకూ ఉంది. అయితే ఈ కాగితాలు దాచి ఉంచినా పిల్లలకు దొరకకుండా పోవు. రేపు కాలేజీలో మరొకరు చూపిస్తారు. అప్పుడు వాళ్ళు వచ్చి, “మీకు తెలిసీ చెప్పలేదా?” అని అడిగితే మనకు ముఖం ఎక్కడ ఉంటుంది? “ఏం అయ్యగారూ, దావీదు ఊరియాకు చేసినది బైబిలే దాచలేదు గదా” అన్నాను. ఆయన కాఫీ తాగి, ఒప్పుకోకుండానే, నాలుగో శనివారం తాను కూడా వచ్చి కూర్చుంటానని చెప్పి వెళ్ళారు.

ఆయన వచ్చిన రోజున, ఆ సహోదరి కుమార్తె అడిగిన ప్రశ్నే ముందు తీశాను. తప్పని ఎవరూ చెప్పలేదా? చెప్పారు. 1688లోనే అమెరికాలో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్ అనే ఊరిలో నలుగురు విశ్వాసులు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుతామో అదే వారికి చేయాలన్న ప్రభువు మాటను ఆధారం చేసుకొని, మనుషులను కొనడం అమ్మడం తగదని వ్రాసి తమ క్వేకరు సంఘానికి ఇచ్చారు. ఆ సంఘం ఇది మాకు మించిన విషయమని పై కూటానికి పంపింది. పై కూటం ఇంకా పై కూటానికి పంపింది. అక్కడ పక్కన పెట్టారు. 1844లో ఎవరో వెదికి తీసేదాకా ఆ కాగితం కాగితాల్లోనే ఉంది. మన సంఘాల కమిటీలు ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. పెద్దాయన కూడా నవ్వారు.

తరువాత ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక మొత్తం చదివించాను. ఇరవై అయిదు వచనాలే గదా. మన చేతిలో ఉన్నవాటిలో అది కూడా ఒక ఉత్తరమే, ఒక దాసుని గురించి ఒక యజమానికి వ్రాసినది. అమెరికాలో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని 1850లో చట్టం చేసినప్పుడు, పౌలు ఒనేసిమును తిరిగి పంపాడు గదా అని కొందరు బోధకులు దీనినే చూపారు. కాదు, దాసునిగా గాక సహోదరునిగా చేర్చుకొమ్మన్నాడు గదా అని మరికొందరు దీనినే చూపారు. ద్వితీయోపదేశకాండము ఇరవై మూడో అధ్యాయంలో, పారిపోయి వచ్చిన దాసుని అప్పగించకూడదన్న ఆజ్ఞను కూడా చూపారు. పిల్లలు పద్దెనిమిది, పందొమ్మిది వచనాల దగ్గర ఆగిపోయారు. ఒనేసిము బాకీ ఏమైనా ఉంటే తన లెక్కలో వేయమని పౌలు తన చేతితోనే వ్రాసి ఇస్తాడు. “టీచర్, ఇది ప్రాంసరీ నోటే” అన్నాడొకడు. నలభై ఏళ్ళుగా ఆ పత్రిక చదువుతున్నాను, నాకు తట్టలేదు.

ఆ రోజు చివర చదివినది నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచింది. 1936 నుండి 1938 వరకు అమెరికా ప్రభుత్వం మనుషులను పంపి, ఒకప్పుడు బానిసలుగా ఉండి ఇంకా బ్రతికి ఉన్న వృద్ధుల మాటలు వ్రాయించింది. రెండు వేల మూడు వందలకు పైగా ఉన్నాయి అవి. సౌత్ కరోలినాలో చార్లెస్టన్ పట్టణంలో సుసాన్ హామ్లిన్ అనే నూరేళ్ళు దాటిన అవ్వ దగ్గరకు 1937లో ఇద్దరు వేర్వేరుగా వెళ్ళారు. ఒకరు తెల్లజాతి స్త్రీ. సహాయం డబ్బు ఇచ్చే ఆఫీసు నుండి వచ్చిందని అవ్వ అనుకుంది. మా దొర మంచివాడు అని చెప్పింది. మరొకరు నల్లజాతి మనిషి. అతనికి వేరే కథ చెప్పింది. పెళ్ళయిన మరునాడు ఉదయమే భార్యను అమ్మివేస్తే, ఆ పిల్ల తల్లి వీధిలో నిలబడి ఎలా శపించిందో చెప్పింది.

అవ్వ అబద్ధమాడిందా అని అడిగాను. పధ్నాలుగు మందీ ఒక్క గొంతుతో కాదన్నారు. “పింఛను ఆపేస్తారని భయపడింది టీచర్” అన్నారు. ఈ సంగతిని పట్నపు పిల్లలకు గంటసేపు విప్పి చెప్పాలేమో. మా వాళ్ళకు అర నిమిషం పట్టలేదు.

మరి మన దేశంలో లేదా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీవారు కరువు సంవత్సరాల్లో మన తూర్పు తీరాన మనుషులను కొని బటేవియాకు, సింహళానికి ఓడల్లో తీసుకుపోయారు. ఆకలికి తాళలేక తమ్మును తామే అమ్ముకున్నవారు, బిడ్డలను అమ్ముకున్నవారు వారిలో ఉన్నారు. 1843లో ఇంగ్లీషు ప్రభుత్వం బానిసత్వానికి కోర్టుల్లో గుర్తింపు తీసేసింది. అప్పు పేరుతో కట్టివేయడం మాత్రం పోలేదు. దానికి 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం కూడా మూలపత్రమే గనుక రెండో సెక్షను అచ్చు తీసి చదివించాను. దేశమంతటా ఈ కట్టుబాటుకు ఏయే పేర్లున్నాయో అందులో వరసగా ఉంటాయి. ఆ వరసలో జీత, పాలేరు, వెట్టి అనే మాటలు కూడా ఉన్నాయి. ఢిల్లీలో చేసిన చట్టంలో తమ ఇంటి మాటలు కనిపించేసరికి పిల్లలు కిక్కురుమనలేదు. పాలేరుతనం చేసిన ప్రతి మనిషీ బానిస కాడు, న్యాయంగా కూలి ఇచ్చిన రైతులున్నారు, అది కూడా చెప్పాను. తేడా ఎక్కడ ఉందంటే, ఆ ఇల్లు విడిచి వెళ్ళగలడా లేడా అన్నదగ్గర.

మరుసటి శనివారం ఒక పిల్లవాడు తన తాతను వెంటబెట్టుకొని వచ్చాడు. సంఘంలో వెనుక వరుసలో కూర్చునే మనిషి, ఇన్నేళ్ళలో ఆయన గొంతు నేను పాటలో తప్ప వినలేదు. ఆయన పేరు ఇక్కడ వ్రాయను. తండ్రి చేసిన అప్పుకు తొమ్మిదో ఏట జీతానికి వెళ్ళారు. పెళ్ళయిన తరువాత కూడా అక్కడే ఉన్నారు. మొత్తం పంతొమ్మిదేళ్ళు. అప్పు ఎంతో ఆయనకు తెలియదు. నోటు మీద తండ్రి వేలిముద్ర ఉందని మాత్రం తెలుసు. ఆ నోటు ఆయన ఎన్నడూ చూడలేదు.

“ఇదివరకు ఎవరికైనా చెప్పారా తాతా?” అని అడిగాను.

“ఎప్పుడో ఆఫీసరు వచ్చి అడిగాడమ్మా. దొర పక్కనే నిలబడి ఉన్నాడు. బాగానే చూస్తున్నారు బాబూ అన్నాను.”

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. సుసాన్ అవ్వ పేరు ఎవరూ ఎత్తలేదు. మనుమడు నోటుపుస్తకం తెరిచి, ఆ రోజుల్లో ఊళ్ళో రోజు కూలి ఎంత ఉండేదో తాతను అడిగి అడిగి వ్రాసుకున్నాడు. చిన్నప్పుడు సగం కూలి, పదహారేళ్ళ నుండి పూర్తి కూలి. ఆదివారాలు తీసివేద్దామా అంటే, “గొడ్లకు ఆదివారం ఉంటుందిరా?” అన్నాడు తాత. సంవత్సరానికి ఇచ్చిన ధాన్యం తీసివేశారు. పంచెల జతలు తీసివేశారు. పెళ్ళికి ఇచ్చిన డబ్బు తీసివేశారు. వడ్డీ సంగతి ఆ ఎనిమిదో తరగతి పిల్ల చూసుకుంది.

మొత్తం వేసి బోర్డు మీద వ్రాయబోతుంటే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

“ఆగరా. ఒక చలికాలం గొంగడి ఇచ్చాడు. అది కూడా తీసెయ్యి.”